స్పిరిటుతో తుడిచిన పాటలు

మార్చి నెలలో గుంటూరులో కాకులు కూడా తుమ్ముతాయి. ఊరంతా మిరపకాయల కొట్లు, ఊరంతా ఘాటు. పుట్టిందగ్గర్నుంచీ ఆ గాలే పీల్చిన హయాత్ సాహెబ్‌కి ఆ బుధవారం ముక్కు మండలేదు, కడుపు మండింది.

పొగాకు కంపెనీ ఆఫీసర్ల క్లబ్బులో, నడి హాల్లో, కొత్త సెక్రటరీ సీతారామాంజనేయులు గారు చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి కూర్చున్నాడు. ఎదురుగా బల్లమీద, పదకొండేళ్లుగా హయాత్ శనివారం డ్యాన్సులకి వేస్తున్న నలభై గ్రామఫోను రికార్డులు. ఒక్కొక్కటే తీసి దూదితో అరచెయ్యి అరిగేలా రుద్దుతున్నాడు. దూది ముంచుతున్నది నీళ్లలో కాదు, కాంపౌండరు దగ్గర్నుంచి తెప్పించిన స్పిరిటులో.

"వద్దండయ్యా," అన్నాడు హయాత్. "అది స్పిరిటండీ. రికార్డు కరుగుద్ది."

"కరగడానికి ఇదేమన్నా బెల్లం ముక్కా?"

"లక్క కలిపిన సరుకండీ. ఇదివరకోసారి పెద్ద దొరగారి గ్లాసు ఒలికి ఒకదాని మీద పడింది. తెల్లారేసరికి పాకంలాగ వేలికంటుకుంది."

"నాకు సైన్సు చెబుతావురా సాయిబూ? నేను బియ్యస్సీ చదివాను. నువ్వేం చదివావు?"

హయాత్ ఏమీ చదవలేదు. చదవలేదు కాబట్టే ఆ రికార్డుల మీద చుక్కలు. మధ్యలో ఉండే గుండ్రటి కాగితం మీద ఇంగ్లీషులో ఏం రాశారో అతనికి తెలియదు. అందుకని ప్రతి పాటా విని, ఇంట్లో తలుపేసుకుని అడుగులు తొక్కి చూసి, రంగు చుక్క పెట్టుకున్నాడు. మూడడుగుల పాటకి తెల్లచుక్క, నాలుగడుగుల పాటకి ఎర్రచుక్క, చెమటలు కారేలా పరిగెత్తించే పాటకి పచ్చచుక్క. శనివారం సాయంత్రం దొరలూ దొరసానులూ, మన ఆఫీసర్లూ వాళ్ల ఆడవాళ్లూ జంటలు కట్టి హాలంతా తిరుగుతుంటే ఏ పాట తర్వాత ఏది పడాలో ఆ చుక్కలు సగం చెప్పేవి. మిగతా సగం జనం కాళ్లు చెప్పేవి. ఎవరి మోకాలు పట్టేసింది, ఎవరి జంట అలిగింది, ఎవరికి రెండో గ్లాసు పడింది, అంతా కాళ్లలోనే కనపడుతుంది హయాత్‌కి. మొహాలు చూసే అలవాటే లేదు. కలెక్టరు గారు ఎదురైతే గుర్తుపట్టడేమోగానీ ఆయన బూట్లు తెచ్చి బల్లమీద పెడితే పేరూ ఊరూ చెప్పేస్తాడు.

"రికార్డులకి ఈ బొట్లేంట్రా, పేరంటానికి పిలిచినట్టు?" అన్నాడు సెక్రటరీ. "శనివారం మద్రాసు నుంచి గెస్టులొస్తున్నారు. చూస్తే నవ్వరూ? వరస నేను టైపు చేయించా. ఒకటి, రెండు, మూడు అని నంబర్లేసిన కవర్లొస్తాయి. ఇకనుంచి నువ్వు పాట ఏరేది లేదు. నంబరు చూసి పెట్టడమే."

దూది ఎత్తి చూపించాడు. కుంపటి తుడిచినట్టు నల్లగా ఉంది.

"చూశావా? పదకొండేళ్ల మురికి!"

అది మురికి కాదు, పాట.

కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్న సెక్రటరీ గారి భార్య రమణమ్మ కూడా ఆ దూదిని చూసింది. "పోనీ ఒకటి పెట్టి విని, ఆ తర్వాత మిగతావి తుడవచ్చుగా," అంది.

"నీకు తెలియదు, ఊరుకో."

ఆవిడ ఊరుకుంది. గుమ్మంలో ఉల్లిపాయల బుట్ట పట్టుకుని నిలబడ్డ వంటమనిషి పానకాలు కూడా ఊరుకున్నాడు. హయాత్ ఊరుకోలేక మరో రెండుసార్లు "వద్దండయ్యా" అని, మెడబట్టి గెంటించుకోవడం ఒక్కటే తక్కువగా బయటికొచ్చి వరండా మెట్ల మీద కూర్చున్నాడు. లోపల దూది చప్పుడు వినపడదు గదా, అయినా అతనికి వినపడుతూనే ఉంది.

మర్నాడు కంపెనీ పెద్ద దొర స్వయంగా వచ్చాడు, శనివారం సరంజామా చూసుకోడానికి. ఒక పాట పెట్టమన్నాడు. హయాత్ కొత్త సూది బిగించాడు, గ్రామఫోను పెట్టెకి హ్యాండిలు తిప్పాడు, రికార్డు వేశాడు. ఆ వచ్చిన చప్పుడు పాట కాదు. కాగుతున్న నూనెలో ఎవరో తడి చెయ్యి పెట్టినట్టు చుర్రుమంది. లోపల ఎక్కడో ఒక దొరసాని గొంతులో మిరపకాయ అడ్డం పడి దగ్గుతున్నట్టుంది. సూది జారి ఇటునుంచి అటు బురదలో బండిచక్రంలా పోయింది. రెండోది పెట్టాడు, అదీ అంతే. ఏడోదాకా పెట్టాక దొర చెయ్యెత్తి ఆపమన్నాడు.

ఏమైందని అడిగాడు. సెక్రటరీ ముందుకొచ్చి గలగలా ఇంగ్లీషు మాట్లాడాడు. ఆ ఇంగ్లీషులో హయాత్‌కి మూడే తెలిశాయి: తన పేరు, ఎండ, తనవైపు చూపిస్తున్న వేలు.

దొర వెళ్లిపోయాక సెక్రటరీ తెలుగులోకి దిగాడు.

"ఎండలో పెట్టి పాడుచేశావని చెప్పా. శనివారం ఆరింటికి డ్యాన్సు జరగాలి. ఎక్కడ తెస్తావో నాకు తెలియదు, జనం ఆడే పాటలు తెచ్చావా సరే. లేకపోతే ఆదివారం పొద్దున నీ సామానుండేది గేటు బయట."

"తమరు తుడిచారు గదండీ!"

"ఎవరు చూశారు?"

హయాత్ పానకాలు వైపు చూశాడు. పానకాలు నేలవైపు చూశాడు. రమణమ్మ గారు ఆ పూట రాలేదు.

హయాత్ తిన్నగా వంటింట్లోకి వెళ్లి పానకాలు భుజం పట్టి తిప్పాడు. "నువ్వు చూశావా లేదా?"

"చూశా భాయ్. ఈ రెండు కళ్లతో చూశా."

"మరి నోరు పెగల్లేదే?"

"నలుగురు పిల్లలు. ఆడపిల్ల పురిటికొచ్చి ఇంట్లో ఉంది. నేను చెబితే ఏమవుద్ది? నీతోపాటు నా సామాను గూడా గేటు బయట. ఇద్దరం కలిసి రోడ్డు మీద కూర్చోడం తప్ప నీకొరిగేదేంది?"

"అయితే నోరు ఉప్పు చూడ్డానికేనంట్రా?"

పానకాలు కత్తిపీట ముందేసుకుని ఉల్లిపాయలు కోయడం మొదలెట్టాడు. కళ్లనీళ్లు వచ్చినా ఎందుకొచ్చాయో అడగడానికి లేకుండా.

హయాత్ కాపురం క్లబ్బు వెనకాల ఒంటిగదిలో. అప్పుడే పెళ్లాం జోహరాబీ మిరపకాయల కొట్టునుంచి వచ్చి, పొద్దస్తమానం తొడిమలు తీసిన చేతులు మజ్జిగ గిన్నెలో ముంచి కూర్చుంది. మంట తగ్గాలంటే అదొక్కటే మందు. మొగుడు చెప్పింది విన్నాక ఆ చేతులు గిన్నెలోంచి బయటికొచ్చాయి.

"ఎండలో పెట్టావా? నువ్వా?" అని లేచింది. "నా మంచం కింద ఇసక పోసి, తడి గోనె కప్పి, రోజుకి మూడుసార్లు నీళ్లు చిలకరించి, పురిటిబిడ్డని చూసినట్టు చూశావే! పోయిన రోహిణీకార్తెలో నాకు ఒళ్లు పేలిపోయే జొరమొచ్చి ఆ గోనె కాస్త నా మీద కప్పమంటే, పాటలకి కావాలన్నావే! నేను పచ్చినేల మీద దొర్లాను గదయ్యా!"

"ఇప్పుడదెందుకే."

"ఎందుకా? ఆ జొరం ఇప్పుడొచ్చింది నాకు. పద, ఆయన గుమ్మంలో కూర్చుని అడుగుతా."

"అడిగితే ఏమవుద్ది? శనివారం దాకా గడువుంది. పాటలు తెస్తా."

"తెచ్చి? ఆయన కాళ్లకి అందిస్తావా?"

నిజమేనని హయాత్‌కీ తెలుసు. అయినా పదకొండేళ్లు పాటలేరినవాడు పాటలు లేక ఓడిపోయాడని పేరు రావడం, గేటు బయట సామానుకంటే ఎక్కువ మండింది.

శుక్రవారం పొద్దున్నే ఇద్దరూ కలిసి పట్నంబజారులో బుడాన్ మైకు సెట్టు కొట్టుకి వెళ్లారు. మిరపకాయల కొట్టుకి పోవాల్సిన జోహరాబీ మానేసి వచ్చింది. "ఈ మనిషిని ఒంటరిగా వదిలితే మళ్లీ ఎవరి ముందో చేతులు కట్టుకుంటాడు," అంది బుడాన్‌తో.

బుడాన్, హయాత్ ఒకే వీధిలో గోళీలాడుకున్నవాళ్లు. గుంటూరు నుంచి ప్రత్తిపాడు దాకా బుడాన్ మైకు లేకుండా తాళికట్టిన పెళ్లికొడుకు లేడు. అతని హారను చెట్టుకి కడితే మూడూళ్ల అవతల పాలిచ్చే గేదె తల తిప్పి చూస్తుందని చెప్పుకుంటాడు. అతని దగ్గర దొరల పాట ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ నాటకాలవీ, సినిమాలవీ, పెళ్లిపాటలూ, కోలాటాలూ.

"ఏందిరా, మన పాటలకి దొరసానులు ఆడతారా?" అన్నాడు బుడాన్.

"కాళ్లకి బాస తెలవదు. లెక్కే తెలుసు. లెక్క కుదిరితే ఆడతాయి. పెట్టు."

బుడాన్ తన ప్రాణంలాంటి పద్యాల రికార్డు ముందు తీశాడు. యుద్ధానికి ముందు రాయబారం పద్యం, గొంతు వీధి చివరిదాకా పోయింది. రాగం ఇంకా తెగకముందే హయాత్ చెయ్యి అడ్డంగా ఊపాడు.

"పనికిరాదు."

"పద్యం పనికిరాదా! ఒరేయ్, దీనికి వన్స్ మోర్ కొట్టి కొట్టి జనానికి అరచేతులు బొబ్బలెక్కినయ్ రా!"

"చేతులకి బాగుంటది. కాళ్లకి దరువు లేదు. ఆయన రాగం తీసినంతసేపు జంటలు ఒంటికాలు మీద నిలబడాలా, కొంగల్లాగ?"

పద్యాలన్నీ పక్కకి పోయాయి. బుడాన్ మొహం చిన్నబోయింది. తర్వాత వచ్చిన పాటల్లో చాలావాటికి ముందు పొడుగాటి రాగం, ఆ తర్వాతే దరువు. అలాంటివాటికి హయాత్ చెవి ఒగ్గి, దరువు అందుకున్నచోట సూది ఎత్తి, ఆ గీత మీద సుద్దతో సన్నటి గుర్తు పెట్టాడు. సూది అక్కడ దించితే రాగం దాటిపోయి పాట తిన్నగా అడుగులోనే మొదలవుతుంది. వేగం ఎక్కువున్నదానికి పెట్టె పక్కనున్న మర అరవీసం తిప్పి, పరుగుని నడక చేశాడు.

"వినడం చాలదు, తొక్కాలి," అని లేచి బుడాన్ నడుం పట్టుకున్నాడు.

"ఛీ ఛీ! బజారులో ఏందిరా ఇది!"

"నోర్ముయ్. ఎడంకాలు వెనక్కి. ఒకటి, రెండు, మూడు. ఆ కాలు కాదురా, నీకున్నది రెండే, అందులో గూడా తప్పేనా?"

కొట్లో మైకు డబ్బాల మధ్య, తలపాగా ఒకడిది, ముతకలుంగీ ఒకడిది, ఇద్దరూ గుండ్రంగా తిరిగారు. ఎదురు కొట్లోవాళ్లు తూకం ఆపి చూశారు. దానిమ్మకాయలమ్మే మనిషి ఈలేసి, "ముహూర్తమెప్పుడు సాయిబూ?" అని అరిచాడు. జోహరాబీ నవ్వలేదు. గడపమీద కూర్చుని, తల వంచుకుని, పాట పాటకీ మాటలు వింటోంది. మగవాళ్లిద్దరూ అడుగులు లెక్కేస్తుంటే ఆవిడ మాటలు లెక్కేసింది.

మధ్యాహ్నానికి పద్నాలుగు కుదిరాయి. జోలపాటొకటి నెమ్మదైన మూడడుగులకి అచ్చంగా సరిపోయింది. దంపుడు పాటొకటి పరుగుకి. ఇంకొక్కటుంటే చాలనుకుంటుండగా బుడాన్ ఒక నాటకాల కంపెనీ హాస్యం రికార్డు పెట్టాడు. హార్మోనియం, తబలా, పేరమ్మ అనే ఆవిడ గడుసు గొంతు:

"పాలకుండ పగలగొట్టి
పిల్లినేల కొడతవయ్యా?
మీసమంత మీగడుండె,
మూతి ముందు తుడుచుకోవయ్యా!"

మూడడుగుల లెక్క. ఎంత చక్కగా ఉందంటే కొట్లో కుర్చీ కూడా లేచి తిరుగుతుందేమో అనిపించింది.

జోహరాబీ తలెత్తింది. "ఇది పెట్టు."

హయాత్ సూది ఎత్తి నిలబడ్డాడు. "వద్దులే. ఆయనకి తెలుగొచ్చు."

"రానివ్వు. తెలుగొచ్చినోళ్ల కోసమేగా పెట్టమంటంది."

"ఉద్యోగం పోద్ది."

"దరువు కుదిరిందా లేదా? అది చెప్పు. నీ పని అదేగా."

కుదిరింది. హయాత్ దానికి తెల్లచుక్క పెట్టాడు.

శనివారం ఆరుగంటలకి హాలంతా ఎలక్ట్రిక్ దీపాలు. నేలమీద బోరిక్ పౌడరు చల్లి అద్దంలా నున్నగా చేశారు. పదహారు జంటలు. మద్రాసు గెస్టులు, పెద్ద దొర, దొరసాని, మన ఆఫీసర్లు, వాళ్ల పక్కన పట్టుచీరల్లో ఏ చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియని ఆడవాళ్లు. మూలన తెర పక్క హయాత్, పెట్టె.

సెక్రటరీ మధ్యలో నిలబడి ఇంగ్లీషులో ప్రసంగం చేశాడు. ఈ పాటలు తనే ఊరూరా వెతికించి ఏరానని చెబుతున్నట్టు హయాత్‌కి అర్థమైంది, ఎందుకంటే ఆ చెయ్యి ఈసారి తన గుండెలవైపే చూపించుకుంది.

మొదట నాలుగడుగుల కోలాటం వేశాడు హయాత్, బిగుసుకుపోయిన కాళ్లు సడలడానికి. తర్వాత దంపుడు పాట. మద్రాసు గెస్టొకాయన కేకపెట్టి మరీ పరిగెత్తాడు. ఆయాసం తీరాలని జోలపాట. దొరసాని కళ్లు మూసుకుని తేలిపోయింది. రోకలిపోటు దరువుకీ, పసిబిడ్డ ఉయ్యాలకీ దొరల బూట్లు అలవాటైన దారిలో నడిచినట్టే నడిచాయి. అప్పుడు హయాత్ సూది మార్చి, హ్యాండిలు నిండుగా తిప్పి, పేరమ్మ రికార్డు వేశాడు.

దొరల కాళ్లు ఒకటి రెండు మూడు అని హాయిగా తిరిగాయి. తెలుగు కాళ్లు మొదటి చరణం దగ్గర తడబడ్డాయి. రెండోసారి "పిల్లినేల కొడతవయ్యా" అనేసరికి ఒక జత చెప్పులు నవ్వు ఆపుకోలేక వణికాయి, ఇంకో జత ఆ పక్కన. పాత రికార్డులు తుడిచిందెవరో కంపెనీలో అందరికీ తెలుసు. పైకి అనేవాళ్లే లేరు. తెలుపూ నలుపూ రెండు రంగుల సెక్రటరీ బూట్లు మాత్రం నేలకి మేకులు కొట్టినట్టు ఆగిపోయాయి.

ఆయన తెర దగ్గరకొచ్చి పళ్ల మధ్యనుంచి అన్నాడు: "తియ్యరా దాన్ని."

హయాత్ చెయ్యి కదిలేలోపు పాటే అయిపోయింది. పెద్ద దొర చప్పట్లు కొట్టాడు. "వన్స్ మోర్! సెక్రటరీ, వన్స్ మోర్!" మద్రాసు గెస్టులూ అందుకున్నారు. దొరసాని వచ్చి సెక్రటరీ చెయ్యి పట్టుకుంది, ఈసారి తనతో ఆడమని. మూతి తుడుచుకోవయ్యా అని పేరమ్మ మళ్లీ మొదలెట్టింది. ఆయన ఆడాడు. మొహంనిండా నవ్వు పులుముకుని, మూడు నిమిషాలూ ఆడాడు.

పాట ముగిశాక దొర సెక్రటరీ భుజం తట్టి ఏదో మెచ్చుకుని, తెర వైపు చూసి ఇంకేదో అన్నాడు, అందులో మళ్లీ ఆ ఎండ మాటే. దానికి అందరూ తలూపారు. అప్పుడు గోడవారగా కూర్చున్న రమణమ్మ గారు లేచింది. పట్టుచీర కొంగు నడుం చుట్టూ బిగించి, ఇంగ్లీషులోనే, బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఒక్కోమాటే ఏరుకుంటూ చెప్పింది. హయాత్‌కి ఆ మాటలన్నీ తెలిసినవే: నాట్ హయాత్. మై హస్బెండ్. స్పిరిట్.

సెక్రటరీ బూట్లు ఒకడుగు వెనక్కి వేశాయి. గుమ్మంలో ట్రే పట్టుకున్న పానకాలు, ఎన్నాళ్లనుంచో దాచుకున్నట్టు, "నిజమండీ, నేనూ చూశా," అని తెలుగులో అనేశాడు.

హయాత్ తెర పక్కనుంచి తొంగిచూశాడు. ఇప్పుడేమవుతుంది? ఆదివారం పొద్దున గేటు బయట ఎవరి సామానుంటుంది?

పెద్ద దొర కాసేపు సెక్రటరీని చూశాడు. తర్వాత పకపకా నవ్వి ఆయన వీపు మీద ఒక్కటి చరిచాడు.

"నెవర్ మైండ్! నెవర్ మైండ్!" అన్నాడు. మద్రాసు నుంచి కొత్తవి తెప్పిద్దాం అన్నాడు. గెస్టులు నవ్వారు. సెక్రటరీకి ఊపిరి తిరిగొచ్చి ఆయనా నవ్వాడు. నవ్వుతూనే ఒక గ్లాసందుకున్నాడు. హయాత్ చేత మూడు రోజులు అన్నం మాన్పించిన నేరం, గ్లాసులో ఐసుముక్క కరిగేలోపు కరిగిపోయింది. రమణమ్మ గారొక్కతే నవ్వలేదు, కూర్చోనూ లేదు.

నెవర్ మైండ్ అంటే హయాత్‌కి బాగా తెలుసు. పదకొండేళ్లుగా విన్నాడు. ఆఫీసరు కుర్చీ విరగ్గొడితే నెవర్ మైండ్, దొరసాని అద్దం పగిలితే నెవర్ మైండ్. ఆ మాట బూట్లవాళ్లు బూట్లవాళ్లకి చెప్పుకునేదేగానీ, ఉత్తికాళ్లవాడి మీద ఒక్కసారన్నా పడగా అతను వినలేదు. తన నిజం నెగ్గిందనుకోడానికి లేదు. నిజమైనా అబద్ధమైనా అక్కడ బరువు తన ఒక్కడికే. అరికాలి మంట నెత్తికెక్కింది.

"సరేలేరా సాయిబూ, నువ్వుండొచ్చు," అన్నాడు సెక్రటరీ, ఇంకా నవ్వుతూ. "ఊఁ, పెట్టు. నెమ్మదిగా, మూడడుగులది."

పదహారు జంటలు చేతులు కలుపుకుని నిలబడ్డాయి. హయాత్ పెట్టె మీదున్న రికార్డు తీశాడు. కవర్లో పెట్టాడు. బుడాన్ ఇచ్చిన మిగతా పద్నాలుగింటితో కలిపి గోనెసంచిలో వరసగా పేర్చాడు, ఒక్కటీ ఒరుసుకోకుండా మధ్య మధ్య గుడ్డ పెట్టి. తొందరపడలేదు.

"ఏంట్రా అది? ఏడున్నరేగా అయింది!"

"నా పేరు హయాతండీ."

"వినపడలేదా? దొరగారు నిలబడున్నారు! పాటేదీ?"

హయాత్ సంచి నెత్తికెత్తుకున్నాడు. పదకొండేళ్లలో మొదటిసారి కింద బూట్లు కాకుండా పైన సెక్రటరీ మొహం చూశాడు. చిన్న మొహమే.

"నెవర్ మైండండీ," అన్నాడు.

నున్నటి నేలమీద తెల్లటి పౌడరులో ఉత్తికాళ్ల గుర్తులు పడుతుండగా, హాలు మధ్యనుంచే నడిచి, పెద్ద గుమ్మంలోంచి బయటికొచ్చాడు. వెనకాల జంటలు చేతులు పట్టుకుని అలాగే ఉన్నాయి, ఎవరు ముందు వదలాలో తెలియక.

గది గుమ్మంలో జోహరాబీ నిలబడి ఉంది. మొగుడి నెత్తిమీద సంచీ, నడకా చూసింది.

"సామాను సర్దవే, పోదాం," అన్నాడు హయాత్.

జోహరాబీ పక్కకి జరిగింది. గదిలో గిన్నెలు గిన్నెల్లో పెట్టి, మంచం నులక విప్పి, చాప చుట్టి, అన్నీ రెండు మూటలుగా కట్టి ఉన్నాయి.

"గురువారమే సగం సర్దా, మిగతాది ఇందాక," అంది. "నీకు కోపం ఎప్పుడొస్తదా అని చూస్తన్నా."